క్రిస్టీనా చెవి

ఆ ఏడాది మొదటి వాన పడిన రోజున దలాల్ నన్ను సబా అల్ సలేంలోని తన అమ్మమ్మగారింటికి పిలిపించింది. భుజాన మోసుకెళ్ళిన కీబోర్డును సంచిలోంచి తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇందులో తంబూరా శబ్దం ఉందన్నావు కదా. దాన్ని ఎవరు వాయించారు? ఎక్కడ కూర్చుని?” అని ఇంగ్లీషులో అడిగింది.

తెలియదన్నాను. ఎవరో ఏ దేశంలోనో రికార్డు చేసి కంప్యూటర్ల కోసం అమ్మిన శబ్దాలవి.

“అయితే నాకొద్దు. ఒక ఇంట్లో ఉండి, ఆ ఇంటి మనుషుల చేతుల్లో అరిగిన వాయిద్యాలు కావాలి. మీ ఇళ్ళలోవైనా సరే, మా ఇళ్ళలోవైనా సరే.”

దలాల్ కువైటీ అమ్మాయి. అంతకు ముందు చిన్న చిన్న సినిమాలు తీసింది. ఇది మొదటి పెద్ద సినిమా. కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది. మతిమరుపు కమ్మిన ఒక కువైటీ ముసలామె, ఆమెను కనిపెట్టుకుని ఉండే మన తెలుగు పనిమనిషి. ఇక్కడ పనిమనుషులు ఇంటావిడను మామా అని పిలుస్తారు. సినిమా సగానికి వచ్చేసరికి ఆ ముసలామే పనిమనిషిని తన తల్లి అనుకుని మామా అని పిలవడం మొదలుపెడుతుంది. ముసలామె తండ్రి ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు. అందుకని కువైట్ సముద్రపు పాటలూ మన గోదావరి పాటలూ రెండూ ఎరిగిన మనిషి కోసం దలాల్ వెతుకుతుంటే ఎవరో నా పేరు చెప్పారట.

నేను అర్దియాలో పెళ్ళిళ్ళకూ సభలకూ మైకులు అద్దెకిచ్చే కంపెనీలో సౌండు మనిషిని. పేరు సైమన్. శుక్రవారాలు మా తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాను. కువైటీల వేడుకల్లో మైకులు పెట్టీ పెట్టీ వాళ్ళ తాళాలు నా వేళ్ళకు పట్టుబడ్డాయి. నా భార్య క్రిస్టీనా ఫర్వానియాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ముసలివాళ్ళ వార్డు ఆమెది. మేం కువైట్ వచ్చింది ఆమె ఉద్యోగం వల్లే. వచ్చినప్పటినుంచీ నన్నెవరు ఎవరికి పరిచయం చేసినా “సిస్టర్ క్రిస్టీనా గారి హస్బెండ్” అనే చేసేవారు. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. సంగీతం ఒకటి నాకంటూ ఉంది. ఆమె అటువైపు వచ్చేది కాదు.

తర్వాత కొన్ని వారాలు నాకు తిండి మీద ధ్యాస లేదు. సూక్ అల్ జుమా సంతలో పాత సామాన్ల వరసలన్నీ తిరిగి ఒక జహ్లా కొన్నాను. జహ్లా అంటే మన బిందెంత మట్టి కూజా. పడవల మీద మంచినీళ్ళు పోసుకునేవారు, దాన్నే అరచేత్తో కొట్టి తాళం వేసేవారు. ఒక ఇత్తడి రోలు దొరికింది. తర్వాత మంజూర్ దొరికింది. అది మేక గిట్టలు గుత్తులు గుత్తులుగా కుట్టిన నడుం పట్టీ. కట్టుకుని నడుం తిప్పితే రేకుల మీద వాన పడినట్టుంటుంది. బుర్రకథల్లో వాయించే మట్టి గుమ్మెటను రాజోలు నుంచి వస్తున్న ఒకాయన తన బట్టల మధ్య పెట్టి తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో దాన్ని మూడు చేతులు మార్చి చూసి, వంట గిన్నె అనుకుని వదిలేశారట.

మా అమ్మాయి చదువు కోసం గుంటూరు హాస్టల్‌కి వెళ్ళాక ఖాళీ అయిన గదిలో ఇవన్నీ పెట్టాను. కిటికీలకు పరుపులు ఆనించాను. డ్యూటీ నుంచి వచ్చిన క్రిస్టీనా సోఫా మీద మేక గిట్టలు చూసి, మోచెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకుని వాటిని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి బాల్కనీలో వేసింది. నాకు అన్నం పెట్టి పడుకుంది. నేను సంతోషంగా ఉన్నానని ఆమెకు తెలుసు.

ఆమెను ఇందులోకి లాగింది నేనే.

ఇక్కడి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ మధ్య పాడే ఆడవాళ్ళ బృందాలుంటాయి. పెద్ద పెద్ద పళ్ళాల్లాంటి డప్పులు వాళ్ళవి. జహ్రాలో ఒక బృందం దలాల్‌కు తెలుసు. వాళ్ళు సాధన చేసుకునే ఇంట్లోకి మగవాళ్ళకు ప్రవేశం లేదు. దలాల్ ఆ రోజు ఊళ్ళో లేదు. క్రిస్టీనాకు సెలవు. రికార్డరు ఆమె చేతిలో పెట్టి ఎర్ర బొత్తాం ఎక్కడుందో చూపించాను. పాట మొదటినుంచి చివరిదాకా రావాలి, మధ్యలో ఆపకూడదు, అంతే అని చెప్పాను.

సాయంత్రం తెచ్చిచ్చింది. విన్నాను. పాట లేదు. హీటరు దగ్గర డప్పులు కాస్తున్న చప్పుడు. చలికి మెత్తబడిన తోలు వేడికి బిగుసుకుంటుంటే ఆడవాళ్ళు వేలితో తట్టి చూసుకుంటున్నారు. మొదట బొదబొదమంటూ, తర్వాత కొంచెం పైకి, ఇంకొంచెం పైకి. ఎవరో టీ గ్లాసు కింద పెట్టారు. ఎవరో దగ్గారు. అలా చాలాసేపు. పాట మొదలయ్యీ అవకముందే కార్డు నిండి ఆగిపోయింది.

పాటేదని అరిచాను. నిజంగానే అరిచాను.

“పాటకంటే ముందుదే బావుందనిపించిందండి,” అంది క్రిస్టీనా. “అందరూ ఎవరి డప్పు వాళ్ళు చూసుకుంటున్నారు. ఆపబుద్ధి కాలేదు.”

క్రిస్టీనాను ఆ బృందం దగ్గరికి మళ్ళీ పంపమని అడగడానికి, దలాల్ ఊరునుంచి వచ్చాక ఆమె దగ్గరికి వెళ్ళి, తప్పు జరిగిందని చెప్పి, అదే వినిపించాను. దలాల్ తన కంప్యూటర్లో ఒక సీను తెరిచి దాని కింద పెట్టింది. తెల్లవారుతుంది. ముసలామె కళ్ళు తెరుస్తుంది. ఇది ఎవరి ఇల్లో, తను ఎవరో గుర్తు తెచ్చుకోవడానికి చూస్తుంది. కింద ఒక్కొక్క వేలు తడుతూ, తోలు బిగుసుకుంటూ, శబ్దం మెల్లగా పైకి లేస్తోంది. ముసలామె ముఖంలో ఏదో దొరకబోతున్నట్టు, ఇంకా దొరకనట్టు.

“ఇది నువ్వు చేశావా?” అని అడిగింది దలాల్.

“నా భార్య.”

“ఆమెను తీసుకురా.”

తప్పకుండా అన్నాను. ఆ క్షణాన నాకు కలిగింది గర్వం అనుకున్నాను.

దలాల్ వాళ్ళ అమ్మమ్మగారింటి కింద సర్దాబ్ ఉంది. నేలమాళిగ అన్నమాట. గోడలకు పాత తివాచీలు కొట్టి దాన్నే రికార్డింగు గది చేశాం. క్రిస్టీనా పగటి డ్యూటీ దిగి, యూనిఫాం మీద స్వెటర్ వేసుకుని వచ్చేది. మొదటి రోజు ఆమెకు నిద్ర సీను చూపించారు. ముసలామె నిద్రపోతుంటే పనిమనిషి మంచం పక్కన నేల మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. నేను దానికి జహ్లా మీద సముద్రపు తాళం వాయించి పెట్టాను. పడవ ఊగినట్టు ఉంటుంది. దలాల్‌కు నచ్చింది కూడా.

క్రిస్టీనా చూసింది. ఏమనిపించిందని దలాల్ అడిగితే, ఊపిరి అంది. ముసలివాళ్ళు నిద్రలో ఊపిరి తీసి మధ్యలో ఆపేస్తారు, ఆగిన ఊపిరి మళ్ళీ వస్తుందో రాదో అని పక్కన కూర్చున్నవాళ్ళు తమ ఊపిరి బిగబడతారు, పనిమనిషి ముఖంలో ఉన్నది అదే, ఈ తాళం దాన్ని వినిపించనివ్వడం లేదు అని చెప్పింది. కొట్టకుండా కూజా మూతిలోకి ఊదితే ఎలా ఉంటుందని నన్నడిగింది.

ఊదాను. లోతుగా, తడిగా ఒక శబ్దం వచ్చింది. నా వెనక నిలబడి, తెర మీద ముసలామె రొమ్ము చూస్తూ, నా భుజం మీద చెయ్యి వేసింది.

“ఇంకా తర్వాత.”

ఆగాను.

“ఇంకా తర్వాత. ఇంకా. ఊఁ, ఇప్పుడు.”

నేను ఊదిన చోట దలాల్ కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత దలాల్ వాయిస్ మెసేజీలు నా ఫోనుకు రావడం మానేశాయి. క్రిస్టీనా ఫోనుకు వచ్చేవి. ఆమె వంట చేస్తూ స్పీకరు పెట్టి వినేది. ఇద్దరూ వచ్చీరాని హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ కలిపి ఇత్తడి రోలు గురించీ ముసలామె మోకాళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళు. నేను పక్కనే ఉల్లిపాయలు తరిగేవాణ్ణి. ఒక మాట అందించబోతే క్రిస్టీనా చెయ్యెత్తి, ఒక్క క్షణం అన్నట్టు చూపించేది. వార్డులో రోగుల చుట్టాలను ఆపే చెయ్యి అది.

శుక్రవారం ఆరాధనలో మా సంఘపెద్ద సంజీవరావు గారు ప్రకటనల సమయంలో లేచి, మన సహోదరి క్రిస్టీనా కువైటీల సినిమాకు సంగీతం చేస్తోంది, దేవుడామెకు ఇచ్చిన తలాంతును బట్టి చప్పట్లతో స్తోత్రం చెల్లిద్దాం అన్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ కింద మెత్తగా కీబోర్డు మోగుతూ ఉండాలి. అది ఎప్పుడూ ఉండే పద్ధతి. వాయించాను. చప్పట్లు అయ్యాక ఆయన నా వైపు తిరిగి, ఇంట్లో అంత తలాంతు పెట్టుకుని ఇన్నాళ్ళూ దాచావేమయ్యా సైమన్ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఎడమ చెయ్యి తప్పు స్వరం మీద పడింది. క్రిస్టీనా ఒక్కతే తల తిప్పి చూసింది.

అప్పటికి ఇది గర్వం కాదని నాకు తెలిసిపోయింది.

దాన్ని పనిలోకి మళ్ళించాను. సినిమాలో ఒక సీను ఉంది. డాబా మీద ఎండలో పనిమనిషి ముసలామె తలకు నూనె రాసి దువ్వుతుంది. అక్కడే ముసలామె మొదటిసారి ఆమెను మామా అంటుంది. ఈ సీనుకు నేను పాట కడతానని, ఇందులో ఎవరూ కలగజేసుకోవద్దని దలాల్‌తో ముందే మాట తీసుకున్నాను. జనవరి అంతా అదే పని. సముద్రపు పాటల బృందంలో ఒక పెద్దాయన తంబూరా వాయిస్తాడు, మనది కాదు, ఇక్కడివాళ్ళ ఆరు తంత్రులది. ఆయన్ను బతిమాలి తీసుకొచ్చాను. కింద గుమ్మెట నెమ్మదిగా. పైన మాటలు లేకుండా నా గొంతు. మా అమ్మమ్మ వరి ఊడ్పుల్లో పాడిన పాటలో ఒక మెలిక, ఇక్కడి సముద్రపు పాటలో ఒక మెలిక, రెండూ ఎక్కడ కలుస్తాయో వెతికి వెతికి కలిపాను. అతుకు కనబడకుండా కలిసింది. నా జీవితంలో అంత మంచి పాట మళ్ళీ కట్టలేను. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఒక మధ్యాహ్నం సర్దాబ్‌లో సీనుతో కలిపి వినిపించాను. దలాల్ కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి పెట్టమంది. పెట్టాను. రెండోసారి కూడా ఏడ్చింది. నేను సగం గెలిచినట్టు కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడు దలాల్ క్రిస్టీనా వైపు తిరిగి, నువ్వేమంటావు అని అడిగింది.

క్రిస్టీనా తెర మీద ఆగిపోయిన బొమ్మనే చూసింది. ముసలామె నెరిసిన జుట్టు, పనిమనిషి చెయ్యి, చెక్క దువ్వెన.

“చాలా బావుంది,” అంది. “కానీ ఇక్కడ వద్దు.”

ఎందుకని దలాల్ అడిగింది.

“పాట మొదలయ్యాక నేను పాటే విన్నాను. ఆమె మామా అంది కదా, ఆ మాట నాకు వినబడలేదు.”

దలాల్ పాటను ఆపేసి సీను మళ్ళీ నడిపించింది. దువ్వెన జుట్టులో దిగే చప్పుడు. పక్క డాబా మీద పావురాలు. ముసలామె మామా అంది. దలాల్ నా వైపు చూడకుండా, యల్లా, పదండి, తర్వాత సీను చూద్దాం అంది. మేం తర్వాత సీను చూశాం. నేను మైకు వైర్లు చుట్టి పెట్టాను. తంబూరా పెద్దాయనకు టీ ఇచ్చాను.

ఇంటికి వెళ్తూ కారు ఆరో రింగు రోడ్డు ఎక్కించాను.

“కుళ్ళుగా ఉందా?” అని అడిగింది క్రిస్టీనా.

“ఉంది.”

“నా మీదేనా?”

“నీ మీదే. ఇంకెవరి మీద ఉంటుంది?”

ఆమె కోప్పడలేదు. నొప్పి ఎక్కడో అడిగి తెలుసుకున్న నర్సులా తల ఊపింది. నా కోసం ఒక్కసారి అబద్ధం చెప్తే ఏం పోయేదని అడిగాను. ఆమె కిటికీలోంచి చూస్తూ చెప్పింది.

“పెళ్ళైన కాడ్నుంచీ మీ పక్కన కూచుని వింటున్నానండి. ఎలా ఉందని మీరెప్పుడూ నన్ను అడగలేదు. ఆ అమ్మాయి అడిగింది. అడిగినప్పుడు చెప్పకపోతే ఇంక నాకెందుకు ఈ చెవులు?”

మర్నాడు దలాల్‌కు ఫోను చేసి నా పేరు తీసెయ్యమన్నాను. ఖలాసా, అంటే ఇక అయిపోయినట్టేనా అని అడిగింది. ఖలాస్ అన్నాను. క్రిస్టీనా నన్ను ఉండమని బతిమాలలేదు. బతిమాలుతుందని నేను ఎదురు చూశాను.

చలికాలంలో కువైటీ కుటుంబాలు వఫ్రా తోటల్లో వారాల తరబడి గుడారాలు వేసుకుని ఉంటాయి. అటు బస్సులుండవు, కొట్లుండవు. మా కంపెనీలో ఎవరూ అక్కడి పనికి ఒప్పుకోరు. నేను అడిగి మరీ వెళ్ళాను. సాయంత్రాలు వాళ్ళ విందులకు మైకులు పెట్టడం, పగలంతా ఖాళీ. టమాటా గ్రీన్‌హౌసులు చూసుకునే భీమరాజు అమలాపురం వైపు మనిషి. తన గదిలోనే నాకు చోటిచ్చాడు. నేను వెళ్ళిన మర్నాడే, టమాటాలు ఏరుతూ నన్ను పలకరించాడు.

“ఆయ్, మేడంగారు సినిమాకి మ్యూజిక్కు కొడతన్నారంటగదండీ. మా ఆవిడ ఊర్నుంచి ఫోన్లో పెట్టిందండి, మీ చర్చి వాళ్ళ వీడియో. మీరేటి మరి ఇక్కడ?”

పని ఉండి వచ్చానన్నాను. ఒక టమాటా తుడిచి చేతిలో పెట్టాడు.

క్రిస్టీనా రోజూ ఫోను చేసేది. తిన్నారా, చలిగా ఉందా, అంతే. సినిమా మాట ఎత్తేది కాదు. నేను అడిగేవాణ్ణి కాదు. కొన్నాళ్ళకు ఒక మెసేజీ పెట్టింది. నేను ఊదిన నిద్ర సీనులో దలాల్ నిడివి మార్చిందట, మళ్ళీ రికార్డు చెయ్యాలట, నేను రానన్నాను కాబట్టి అతీఖ్‌ను పిలిచారట. అతీఖ్ హైదరాబాదువాడు. సాల్మియా హోటళ్ళలో గజళ్ళకు తబలా వాయిస్తాడు. నాకు తెలుసు, మంచి చేతులు. మెసేజీ కింద ఆ రోజు రికార్డు చేసిన ముక్క కూడా పెట్టింది. ఒకసారి వినమని రాసింది.

గ్రీన్‌హౌసులో టమాటా వరసల మధ్య నిలబడి విన్నాను. అతీఖ్ ఊదుతున్నాడు. ఊపిరి ఆగింది. ఆ ఆగిన చోట క్రిస్టీనా గొంతు వినబడింది, మైకుకు దూరంగా, నెమ్మదిగా.

“ఇంకా తర్వాత, అతీఖ్ భాయ్. ఇంకా తర్వాత.”

పాట తీసేసినప్పుడు కూడా నాకు అంత మంట పుట్టలేదు. నా కూజాను ఇంకొకడు ఊదితే ఊదనీ. ఆ మాట ఇంకొకడికి చెప్పడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. నా భుజం మీద చెయ్యి వేసినట్టు అతని భుజం మీద కూడా వేసిందా అని ఆలోచించాను. వెయ్యదని తెలుసు. అయినా ఆలోచించాను.

మర్నాడు పొద్దున భీమరాజు టమాటాలు మార్కెట్టుకు వెళ్ళే బండిలో నన్ను ఎక్కించాడు. నా జాగాలోకి కంపెనీలో ఇంకొకణ్ణి ఎలాగో ఒప్పించాను. సబా అల్ సలేంలో దిగి నేరుగా సర్దాబ్ మెట్లు దిగాను.

అతీఖ్ కూజా ముందు కూర్చుని ఉన్నాడు. దలాల్ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. క్రిస్టీనా లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. నేను వాయిస్తానన్నాను. అతీఖ్ కదల్లేదు.

“భాయ్, వారం నుంచి ఇదే నేర్చుకుంటున్న. ఇప్పుడొచ్చి లెవ్వమంటే ఎట్ల?”

అతను అన్నది న్యాయమే. నాకు కోపం రావడానికి కూడా సందు లేదు. ఎవరు వాయించాలో నువ్వే చెప్పమని దలాల్ క్రిస్టీనాను అడిగింది. నా భార్య నన్నే అంటుందని అనుకున్నాను. ఆమె ఇద్దర్నీ వాయించమంది. నిద్ర సీనుకు నేను, తర్వాత అతీఖ్. స్నానం సీనుకు ఇత్తడి రోలు మీద అతీఖ్, తర్వాత నేను. ముసలామె ఇంట్లోంచి తప్పిపోయే సీనుకు మేక గిట్టల పట్టీ, అది కూడా అలాగే. పరీక్షకు కూర్చున్న పిల్లల్లా ఒకరి తర్వాత ఒకరం. ఆమె తల వంచుకుని వింది. అయ్యాక మా ముఖాలు చూడకుండా చెప్పింది.

“నిద్ర సీను మీరు చెయ్యండి. మిగతా రెండూ అతీఖ్ భాయ్‌వే.”

ఒక్క సీను. తీసుకున్నాను. కూజా ముందు కూర్చున్నాను. ఆమె నా వెనక్కి వచ్చి నిలబడింది, చెయ్యి వేసింది. ఇంకా తర్వాత అంది. ఆగాను. ఎప్పుడూ ఆగనంతగా ఆగాను. రెండో ప్రయత్నంలోనే దలాల్ చాలంది.

తిరిగి వస్తుంటే, మిగతా రెండిట్లో నాకంటే అతను బాగా వాయించాడా అని అడిగాను. అవునంది. ఆ మాటకు నాకు మళ్ళీ మండింది. కానీ అడిగింది నేనే.

రంజాన్ నెలంతా దలాల్ ఎడిటింగులో ఉంది. ఈద్ దాటిన వారం సినిమా వేశారు. ఆ రోజు ఊరంతా దుమ్ము, ఎర్రటి ఆకాశం. జనం ముక్కులకు గుడ్డలు కట్టుకుని హాల్లోకి వచ్చారు. క్రిస్టీనా అడగ్గా దలాల్ కొన్ని వరసలు మనవాళ్ళ కోసం ఉంచింది. చర్చిలో తెలిసిన ఆడవాళ్ళు, సెలవు దొరికిన పనిమనుషులు వచ్చి కూర్చున్నారు. డాబా సీను వచ్చినప్పుడు హాల్లో దువ్వెన చప్పుడు తప్ప ఏమీ లేదు. ముసలామె మామా అంది. ముందు వరసలో ఒకావిడ అరబ్బీలో కాదు, తెలుగులో, ఆఁ అమ్మా అని బదులు పలికింది. పలికినట్టు ఆమెకే తెలియదనుకుంటాను. పాట ఉంటే ఆ బదులు నాకు వినబడేది కాదు. అయినా నా పాట అక్కడ బాగానే ఉండేదని ఇవాళ్టికీ అనిపిస్తుంది. రెండూ నిజమే.

చివర పేర్లు పడ్డాయి. సంగీతం క్రిస్టీనా అని అరబ్బీలో, ఇంగ్లీషులో. కింద వాయిద్యాలు అని, అతీఖ్ పేరు, నా పేరు, తంబూరా పెద్దాయన పేరు. సంగీతం దగ్గర నా పేరు మళ్ళీ చేరుస్తానని దలాల్ అంతకు ముందే ఫోను చేసి అడిగింది. నేనే వద్దన్నాను. తెర మీద ఆ జాగా చూసినప్పుడు మాత్రం, ఒప్పుకుని ఉంటే ఎలా ఉండేదా అనిపించింది. దలాల్ పిలిస్తే క్రిస్టీనా వేదిక ఎక్కింది. ఆమె హ్యాండ్ బ్యాగూ స్వెటరూ నా ఒళ్ళో ఉన్నాయి. వాటిని అలాగే పెట్టుకుని చప్పట్లు కొట్టాను.

ఆ సినిమా చూసిన ఒకాయన బహ్రెయిన్‌లో పాత పడవల మీద సినిమా తీస్తున్నాడు. క్రిస్టీనాను రమ్మన్నాడు. ఆ ఏడాదికి తనకు వచ్చే సెలవంతా ఆమె దానికే పెట్టుకుంది. వాయించడానికి అతీఖ్ వెళ్ళాడు. నేను వెళ్ళాల్సింది. ఈద్ తర్వాత పెళ్ళిళ్ళ రద్దీ, కంపెనీ సెలవివ్వలేదు. ఎయిర్‌పోర్టులో ఇద్దరి సామాన్లూ నేనే దింపాను. అక్క లాంటిది, నేను చూసుకుంటా భాయ్ అన్నాడు అతీఖ్. నేను తల ఊపాను. అతను చూసుకోవడం గురించి కాదు నా బాధ. అది అతనికి చెప్పి లాభం లేదు.

వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకు, అర్దియాలో గోడౌను ముందు నేను వైర్లు చుడుతుంటే క్రిస్టీనా ఫోను చేసింది. వెనకాల గాలి, ఎవరో మగవాళ్ళ మాటలు. ఆమె గొంతు తొందరలో ఉంది. వార్డులో కానీ ఇంట్లో కానీ ఆ తొందర నేనెప్పుడూ వినలేదు.

“ఖాళీయేనా మీరు? ఒకటి వినిపిస్తాను. ఎలా ఉందో చెప్పండి.”

వ్యాను ఎక్కి తలుపు వేసుకున్నాను. అద్దాలెత్తి, ఏసీ ఆపి, ఫోను చెవికి ఆనించాను.

ముసలివాళ్ళు కొందరు నోరు తెరవకుండా గొంతుల్లోనే కింద స్వరం పట్టుకుని ఉన్నారు. తడి తాడు ఏదో చెక్క మీద రాసుకుంటోంది. అతీఖ్ చెయ్యి కూజా మీద పడింది, ఆలస్యంగా, సరిగ్గా ఎంత ఆలస్యం కావాలో అంత. తర్వాత అన్నీ ఆగిపోయాయి. ఆ ఖాళీ ఎంతసేపటికీ నిండలేదు. అక్కడ నేనైతే తప్పకుండా ఏదో ఒకటి పెట్టేవాణ్ణి. ఒక పాట ముక్కో, కనీసం ఒక స్వరమో. ఆమె ఏమీ పెట్టలేదు. చాలాసేపటికి తాడు మళ్ళీ కదిలింది.

“ఉన్నారా?” అంది.

“ఉన్నాను.”

“ఎలా ఉంది?”

వ్యానులో ఉక్కగా ఉంది. చెమట కళ్ళలోకి దిగుతోంది.

“అతీఖ్ బాగా వాయించాడు,” అన్నాను.

“నేనడిగింది అది కాదండి.”

“తెలుసు,” అన్నాను. “ఇంకోసారి వినిపించు.”